పర్యవసానం అంటే జైలా? ఒక మాట చుట్టూ పడిన చిక్కుముడి

మొన్న మా పిన్ని వజ్రపుకొత్తూరు వైపు నుంచి బస్సెక్కి శ్రీకాకుళం వచ్చింది. చేతిసంచిలో నాలుగు కొబ్బరికాయలు, వాటి కింద పాలిథిన్ కవరులో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. అది ఒక బ్యాంకు పంపిన నోటీసు. ఆమె అన్నకొడుకు సరుకులు వేసే ఆటో కొనుక్కోవడానికి అప్పు తీసుకున్నప్పుడు హామీదారుగా ఆమె సంతకం పెట్టింది. కొన్ని వాయిదాలు ఆగిపోయాయి. నోటీసులో చివరి వాక్యం ఇలా ఉంది: "గడువులోగా బకాయి చెల్లించని పక్షంలో తదుపరి పర్యవసానాలకు తామే పూర్తి బాధ్యత వహించవలసి ఉంటుంది."

పిన్ని ఆరో తరగతి దాకా చదువుకుంది. పేపరు కూడబలుక్కుని చదవగలదు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, "తక్కినదంతా అర్థమైంది బాబూ, ఈ మాట ఒక్కటే తెలియలేదు. పర్యవసానం అంటే జైలా?" అని అడిగింది.

కాదని వెంటనే చెప్పాను. మరి ఏమిటి అంటే మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. రోజూ వినే మాటే. కరెంటు బిల్లు హెచ్చరికల్లో, నాయకుల ప్రకటనల్లో, కోర్టు వార్తల్లో పర్యవసానాలు, పరిణామాలు అన్న మాటలు లేని రోజు ఉండదు. వాటి వెనుక ఏముందో విప్పి చూస్తే కానీ పిన్నికి సరైన జవాబు చెప్పలేనని అర్థమైంది.

ఫలితం, పరిణామం, పర్యవసానం: ఒకే ఇంట్లో ముగ్గురు

ఇంగ్లీషువారి కాన్సీక్వెన్స్‌కు మూలం లాటిన్‌లో ఉంది. వెంబడి రావడం అని దాని అర్థం. ముందు ఒకటి నడుస్తుంది, దాని అడుగుల్లో అడుగేస్తూ ఇంకొకటి వస్తుంది. వచ్చేది మంచిదా చెడ్డదా అన్న సంగతి ఆ మూలంలో లేదు. తెలుగులో దానికి సరిసమానమైన మాట ఒక్కటి దొరకదు. మూడు మాటలు ఆ బరువును పంచుకుంటున్నాయి.

ఫలితం అంటే కాసిన కాయ. ఎవరో విత్తారు, నీళ్ళు పోశారు, ఎదురుచూశారు, అది కాసింది లేదా కాయలేదు. అందుకే పదో తరగతి ఫలితాలు, ఎన్నికల ఫలితాలు అంటాం. ఫలానా రోజున తేలుతుందని ముందే తెలిసిన లెక్క అది. పదో తరగతి పర్యవసానాలు విడుదలయ్యాయి అంటే పిల్లలు భయపడతారు.

పరిణామం అంటే ఒక రూపం ఇంకో రూపంలోకి మారడం. పాలు పెరుగు కావడాన్ని మన పాత తత్వశాస్త్రాల్లో ఒకటైన సాంఖ్యదర్శనం వారు దీనికి ఉదాహరణగా చెబుతారు. పాలు ఎక్కడికీ పోలేదు, పెరుగులోనే ఉన్నాయి, కానీ మళ్ళీ పాలు చేయలేం. జీవపరిణామం అన్నప్పుడూ ఈ అర్థమే. అందులో శిక్ష లేదు, బహుమతి లేదు, మార్పు ఉంది.

పర్యవసానంలో ఉన్నది అవసానం. అవసానదశ అన్న మాట అందరికీ తెలుసు కదా, అదే. కథ తిరిగి తిరిగి చివరికి ఎక్కడ ఆగిందో అది పర్యవసానం. ముగింపు తాలూకు నీడ ఆ మాటలోనే ఉంది కాబట్టి వినగానే గుండె కొంచెం బిగుసుకుంటుంది. పిన్నికి జైలు గుర్తుకు రావడంలో ఆమె తప్పేమీ లేదు.

ఒకే సంఘటన మీద మూడింటినీ పెట్టి చూద్దాం. రాత్రంతా కురిసిన వాన ఫలితంగా చెరువు నిండింది. గట్టు మట్టి నాని నాని మెత్తబడింది, అది పరిణామం. తెల్లవారేసరికి గండి పడి కింది పొలాల్లో ఇసుక మేట వేసింది, ఆ ఏడాది నాట్లు లేవు. అది పర్యవసానం. రాసేవాళ్ళు ఈ గీతలను ఎప్పుడూ పాటించరు. నిఘంటువులే ఒకదానికి అర్థంగా ఇంకొకటి ఇస్తాయి. వాడుకలో అవి కలిసిపోవడాన్ని తప్పనలేం. కానీ ఎవరి ఇల్లో, పొలమో ఆ మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు మాత్రం తేడా తెలిసి ఉండటం మంచిది.

ఈ వరుసలో ఇంకో మాట ఫలశ్రుతి. స్తోత్రం చివర, దీన్ని విన్నవారికి ఇంత మేలు కలుగుతుంది అని చెప్పే భాగానికి అది పేరు. ఇప్పుడు పత్రికల్లో ఎటువంటి ఫలితానికైనా వాడేస్తున్నారు. మేలు కలిగినప్పుడు సరే, "నిర్లక్ష్యానికి ఫలశ్రుతి" అని చదివినప్పుడు నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది.

తాజా పరిణామాలు, తీవ్ర పరిణామాలు ఒకటి కావు

వార్తలు చదివేవారిని ఎక్కువగా తికమక పెట్టేది పరిణామం. "రాష్ట్రంలో తాజా రాజకీయ పరిణామాలు" అన్నప్పుడు కొత్తగా జరిగిన సంగతులు అని అర్థం. ఎవరో చేసిన దాని వెంట వచ్చినవి అని కాదు. "తీవ్ర పరిణామాలు ఉంటాయి" అన్నప్పుడు మాత్రం హెచ్చరిక. మొదటిది జరిగిపోయినదాన్ని చెబుతుంది, రెండోది జరగబోయేదాన్ని చూపి భయపెడుతుంది. ఒక నాయకుడు "పరిణామాలు గమనిస్తున్నాం" అంటే ఏ అర్థంలో అన్నాడో ముందూవెనుకా చూడకుండా చెప్పలేం. ఇక పరిమాణాన్ని పరిణామంగా రాయడం మన పత్రికల్లో పాత జబ్బు. పరిమాణం అంటే కొలత, సైజు. రెండక్షరాలు తారుమారైతే అర్థం ఊరు దాటిపోతుంది.

దెబ్బ, చలవ, పుణ్యం: పర్యవసానం అనకుండా చెప్పే తెలుగు

పిన్ని తన కథ చెబుతూ ఉంటే నేను మాటలను గమనిస్తూ కూర్చున్నాను. "తిత్లీ తుపాను దెబ్బకు చెట్లు పడ్డాయి. దేవుడి చలవ వల్ల ఇల్లు నిలిచింది. ఊళ్ళోవాళ్ళ పుణ్యమా అని ఆ నెల గడిచింది. నా ఖర్మ కొద్దీ సంతకం పెట్టాను."

ఒక్క ఊపిరిలో నాలుగు పర్యవసానాలు చెప్పింది. ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు. పైగా ప్రతి దాంట్లోనూ తీర్పు ఉంది. చెడు వస్తే దెబ్బ. చల్లగా జరిగితే చలవ. మనుషుల మంచితనమైతే పుణ్యం. తప్పించుకోలేనిదైతే ఖర్మ. ఇంకా మూలాన ఉంది, పాపాన ఉంది, అటూ ఇటూ కాకుండా తటస్థంగా నిలబడే వల్ల ఉంది. ఏది దేని వెంట వచ్చిందో, దాన్ని చెప్పేవాడు ఎలా చూస్తున్నాడో ఈ చిన్న మాటలు ఒకేసారి చెప్పేస్తాయి. "అందువల్ల", "దారితీసింది", "తెచ్చిపెట్టింది", "మెడకు చుట్టుకుంది" అన్నవి కూడా ఇలాంటివే. వీటన్నిటిలో ఎవరు చేశారో, ఎవరి మీద పడిందో కనిపిస్తుంది.

నోటీసు భాష దీనికి తిరగబడిన భాష. అందులో "పర్యవసానాలు" అని ఒక బహువచనం మాత్రమే ఉంది. ఎవరు ఏం చేస్తారు, ఎప్పుడు, ఎంతవరకు అన్నవి అందులో లేవు. ఖాళీగా వదిలేసిన చోట చదివేవారు తమ భయాన్ని నింపుకుంటారు.

కాకి వాలింది, తాటిపండు రాలింది

ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. దీనికి మన పెద్దలు ఇచ్చిన పేరు చాలా అందమైనది: కాకతాళీయం. తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణాన పండు రాలింది. కింద నిలబడి చూసినవాడికి కాకి బరువుకే పండు రాలిందనిపిస్తుంది. పండు ముగ్గి తొడిమ వదులై ఉంది, కాకి రాకపోయినా రాలిపోయేదే. ఇంగ్లీషులోనూ ఈ తేడాకు రెండు మాటలున్నాయి, వాటిని కలగాపులగం చేసేవాళ్ళూ ఉన్నారు. తెలుగులో "తదనంతరం" ఒకటి, "తత్ఫలితంగా" ఇంకొకటి. "ఆ మందు వేసుకున్న తర్వాత చనిపోయాడు" అన్న వాక్యం నిజమే కావచ్చు. దాన్ని "ఆ మందు వల్ల చనిపోయాడు" అని చదువుకుంటే మనం సాక్ష్యం లేకుండా తీర్పు ఇచ్చేశామన్నమాట.

మన ఉత్తరాంధ్ర తుపానుల తేదీలే చూడండి. పైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస ప్రాంతంలో దాటింది. ఈ తేదీలు చెప్పుకుని, ఆ రోజుకు ఏదో దోషం ఉందనుకునేవాళ్ళను నేను విజయనగరంలో చూశాను, శ్రీకాకుళంలోనూ చూశాను. వారి భయాన్ని చులకన చేయలేను, అన్ని చెట్లు కూలడం కళ్ళారా చూసినవాళ్ళు. అయినా ఇందులో రెండు పొరలున్నాయి. పన్నెండో తేదీ రెండుసార్లు రావడం కాకతాళీయం. మూడూ అక్టోబర్‌లో రావడం మాత్రం కాదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళే సంధికాలంలో బంగాళాఖాతం ఉపరితలం ఇంకా వేడిగానే ఉంటుంది. వానాకాలం నడుమ తుపాను సుడిని నిలవనివ్వకుండా చెదరగొట్టే పైగాలుల తేడా అప్పటికి తగ్గుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి తుపానుల కాలం కావడం ఆ వేడికి, ఆ గాలికి పర్యవసానం.

రెంటినీ విడదీయడానికి వాడే ప్రశ్న ఒకటుంది: మొదటిది లేకపోయి ఉంటే రెండోది జరిగేదా? కాకి లేకపోయినా పండు రాలేది. సముద్రం చల్లగా ఉండి ఉంటే తుపాను పుట్టేది కాదు. ప్రశ్న తేలిక, జవాబు అన్నిసార్లూ తేలిక కాదు. జరిగినదాన్ని జరగనట్టు ఊహించుకుని చూడాలి కదా.

తిత్లీ నుంచి నోటీసు దాకా: గొలుసును ఎక్కడ తెంచాలి?

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

తిత్లీ తెల్లవారుజామున వచ్చింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. పిన్ని తోటలో కొబ్బరి చెట్లు నలభై రెండు. వెలుతురు వచ్చి చూసేసరికి ఇరవై ఆరు నేలమీద ఉన్నాయి, వేళ్ళతో సహా లేచిన మట్టిపెళ్ళలు మనిషి ఎత్తున నిలబడి ఉన్నాయి. నష్టం లెక్క కట్టడానికి వచ్చినవాళ్ళు ఆ సంఖ్య రాసుకుని వెళ్ళారు. మిగిలిన పదహారు నిలబడే ఉన్నాయి. కానీ వాటిలో తొమ్మిదింటికి మొవ్వు మెలితిరిగిపోయింది. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, తలమీది మొవ్వు. అది విరిగితే మామిడిలాగా పక్కనుంచి కొమ్మ వేయదు. నెల తిరిగేలోగా ఆకులు ఒక్కొక్కటే వాలిపోయి, సంక్రాంతి నాటికి తొమ్మిదీ మోడులయ్యాయి. లెక్క రాసుకున్న రోజున అవి నిలబడి ఉన్న చెట్లు. ఒక నష్టానికి పర్యవసానం ఏ రోజున లెక్కపెట్టాలి అన్న ప్రశ్న నాకు ఆ తోటలో అర్థమైనంతగా ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు.

పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. జీడి తోటలకూ ఏళ్ళు పడుతుంది. కొబ్బరి, జీడి తోటలుండే మా ఉద్దానం ప్రాంతంలో చెట్లు పడితే జీడిపిక్కలు తగ్గుతాయి, పిక్కలు తగ్గితే పలాసలో పప్పు ఒలిచే ఆడవాళ్ళకు పనిదినాలు తగ్గుతాయి. పిన్ని అన్నగారి తోట పూర్తిగా పోయింది. ఆయన కొడుకు కాయలు తెంపించి అమ్మే పని వదిలి, అప్పు చేసి ఆటో కొన్నాడు. గిరాకీ సరిగా లేదు. వాయిదాలు ఆగాయి. నోటీసు వచ్చింది.

ఈ నోటీసు దేనికి పర్యవసానం? తిత్లీ దెబ్బ అంటుంది పిన్ని. గిరాకీ లేకపోవడం వల్ల అంటాడు అబ్బాయి. సంతకం పెట్టినందువల్ల అంటుంది బ్యాంకు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. గొలుసులో ఎవరికి కావలసిన కొక్కెం దగ్గర వారు ఆగుతున్నారు.

చట్టం ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి ఒక పాత కేసు ఉంది, 1854 నాటి ఇంగ్లండ్‌ది. గ్లాస్టర్ పట్టణంలో పిండిమరను తిప్పే ఇరుసు, అంటే షాఫ్ట్, విరిగింది. దాన్ని నమూనాగా చూపి కొత్తది చేయించడానికి గ్రీనిచ్ పంపాలి. రవాణావారు ఆలస్యం చేశారు. అన్నాళ్ళూ మర ఆగిపోయింది. ఆ రోజుల లాభం కూడా రవాణావారే ఇవ్వాలని మర యజమాని దావా వేశాడు. కుదరదంది కోర్టు. మామూలుగా ఇలాంటి ఆలస్యం వల్ల సహజంగా వచ్చే నష్టమైతే ఇవ్వాలి. లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టమైతే ఇవ్వాలి. మరలో ఇంకో షాఫ్ట్ లేదనీ, ఇది రాకపోతే మొత్తం ఆగిపోతుందనీ రవాణావారికి తెలియదు.

దీన్ని మన రైస్ మిల్లుకు తెచ్చుకుందాం. విజయనగరం పక్కన ఒక మిల్లు. షాఫ్ట్ విరిగితే లేత్ పనికి విశాఖపట్నం పంపారు. పార్సిల్ ఆఫీసువాళ్ళు నాలుగు రోజులు మూలన పడేశారు. యజమాని మామూలు ఇనుప సామానులా బుక్ చేసి వెళ్ళిపోయి ఉంటే, నాలుగు రోజుల మిల్లాడింపు లాభం అడగడం కష్టం. "ఇది రాకపోతే మిల్లు ఆగిపోతుంది, కళ్ళాల్లో ధాన్యం ఉంది" అని ముందే చెప్పి, వాళ్ళు ఒప్పుకుని తీసుకుని ఉంటే అడగవచ్చు. వస్తువు అదే, ఆలస్యం అదే, నష్టం అదే. మారింది ఒక్కటే, ఎవరికి ఏం తెలుసు అన్నది. మన దేశపు 1872 కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్‌లో ఇదే సూత్రం ఉంది. దూరపు నష్టాలకు, పరోక్ష నష్టాలకు పరిహారం లేదని అది స్పష్టంగా చెబుతుంది.

ఇది అన్యాయమని అనేవాళ్ళున్నారు. నష్టం నిజంగా జరిగినప్పుడు దగ్గరదేమిటి, దూరమేమిటి, చేసినవాడే భరించాలి అంటారు. అటువైపు వాదన కూడా తీసిపారేయదగింది కాదు. ఒక చిన్న పార్సిల్ వెంట ఎంత పెద్ద నష్టం వేలాడుతోందో తెలియకుండా, ఎనభై రూపాయల కిరాయికి లక్షల బాధ్యత ఎవరు నెత్తిన వేసుకుంటారు? నేను ఈ రెండో వైపుకే మొగ్గుతాను, కానీ చెప్పే అవకాశం నోరున్నవాడికే దొరుకుతుందన్న సంగతి నన్ను కలవరపెడుతుంది.

ఉద్దానం: ఫలం కనిపిస్తోంది, చెట్టు కనిపించడం లేదు

గొలుసులో మొదటి కొక్కెమే తెలియకపోతే? ఉద్దానం కిడ్నీ జబ్బు అలాంటిది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాలు పాడైపోతున్నాయి. మామూలుగా దీనికి దారితీసే చక్కెర జబ్బు, రక్తపోటు లేనివాళ్ళకు కూడా వస్తోంది. వైద్యులు దానికి పెట్టిన పేరులోనే "కారణం తెలియని" అన్న ముక్క ఉంది. భూగర్భజలాల్లోని సిలికా అని కొందరు, భారలోహాలని కొందరు, ఎండలో చెమటోడ్చి తగినన్ని నీళ్ళు తాగకపోవడమని కొందరు, పురుగుమందులని, విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలని ఇంకొందరు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో పనిచేసేవారిలో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఈ చర్చ తెగలేదు.

కారణం తేలేదాకా ఆగాలా, ముందు చేయగలిగింది చేయాలా? తప్పుడు కారణం వెంట పడితే డబ్బూ కాలమూ వృథా అవుతాయన్నది ఒక మాట. మంచినీరు ఇస్తే నష్టం లేదు, అది కారణం కాకపోయినా మేలే అన్నది ఇంకో మాట. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. రేపు జబ్బు తగ్గితే నీటి వల్లే తగ్గిందని అనేస్తాం. అది నీటి ఫలితం కావచ్చు. ముందే పరీక్షలు చేయించుకోవడం వల్ల కావచ్చు. నొప్పి మాత్రలు మానడం వల్ల కావచ్చు. ఆ రోజున కాకినీ తాటిపండునూ మళ్ళీ గుర్తు చేసుకోవలసి వస్తుంది.

పొగ నిప్పుకు పర్యవసానమా, నిప్పు పొగకా?

తర్కంలో ఈ మాట తలకిందులుగా నడుస్తుంది. దూరంగా ఇటుకల బట్టీ దగ్గర పొగ కనిపించింది. పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అంటాం. లోకంలో ముందు నిప్పు, తర్వాత పొగ. మన ఆలోచనలో ముందు పొగ, దాని వెంట నిప్పు. అంటే జరిగే వరుస ఒకటి, తెలుసుకునే వరుస ఇంకొకటి. "మీ మాట ఒప్పుకుంటే పర్యవసానం ఇది" అని వాదనలో అన్నప్పుడు ఏదో జరుగుతుందని కాదు, ఆ మాటలో ఇది ఇమిడి ఉందని అర్థం. దాన్ని బెదిరింపుగా తీసుకుని తగవు పడినవాళ్ళను చూశాను.

పడవ ఒడ్డు చేరితే తప్పు లేనట్టేనా?

నాగావళి పొంగుతోంది. పదిమంది ఎక్కాల్సిన పడవలో పాతికమందిని ఎక్కించాడొకడు. క్షేమంగా ఒడ్డు చేరారు. మర్నాడు అంతే ప్రవాహంలో ఇంకొకడు అదే పని చేశాడు, పడవ తిరగబడింది. ఇద్దరి పనీ ఒకటే. తప్పు కూడా ఒకటేనా?

పనిని దాని పర్యవసానాన్ని బట్టే తూచాలనే వాదానికి పర్యవసానవాదం అని పేరు. ఇంగ్లండ్ తత్వవేత్తలు బెంథామ్, మిల్ ఆ తోవలో నడిచినవారు. ఇంగ్లీషులో ఆ వాదానికి ఇప్పుడున్న పేరును ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే తత్వవేత్త 1958లో పెట్టింది, అదీ దాన్ని విమర్శిస్తూ. జర్మన్ తత్వవేత్త కాంట్ వంటివారేమో, పని ఏ నియమానికి లోబడి చేశావన్నదే ముఖ్యమంటారు. మనకు చిన్నప్పటి నుంచి వినిపించే ఫలాపేక్ష లేని కర్మ కూడా ఆ దిక్కుకే చూస్తుంది. అయితే అందులో ఫలం రాదని లేదు, ఫలం మీద నీకు అధికారం లేదని ఉంది. ఆ రెంటికీ చాలా దూరం.

మన శిక్షాస్మృతి రెంటినీ కలుపుకుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ప్రకారం, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి మూడు నెలల దాకా జైలు ఉండవచ్చు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా. ఒకే పనికి ఒడ్డు చేరినవాడికీ చేరనివాడికీ మధ్య అంత తేడా.

కోర్టులో ఇదే మాట డాలు కూడా

పర్యవసానం ఎప్పుడూ బెదిరింపే అనుకుంటే పొరపాటు. మన పొరుగున ఒడిశా ప్రభుత్వ వైద్యసేవలో పనిచేసిన ఒక డాక్టరమ్మ వయసును ప్రభుత్వం తనకు తానే తేల్చి, ఆమెను ముందే పదవీ విరమణ చేయించింది. 1967లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. పరిపాలన నిర్ణయమైనా సరే, దానికి పౌర పర్యవసానాలు ఉంటే ఆ మనిషి మాట వినకుండా చేయకూడదని చెప్పింది. 1978లో ఒక ఎన్నికల కేసులో అదే కోర్టు ఆ మాటను ఇంకా విస్తరించింది. ఆస్తి, వ్యక్తిగత హక్కులు మాత్రమే కాదు, పౌర స్వేచ్ఛలకు తగిలే దెబ్బ, డబ్బుతో కొలవలేని నష్టం కూడా పౌర పర్యవసానమేనంది. అంటే నీ జీవితం మీద ఏదైనా పడబోతోందంటే, అది పడకముందు నీ గోడు చెప్పుకునే హక్కు నీకుంది. నోటీసులో భయపెట్టే మాటే కోర్టులో కాపాడే మాటయింది.

మరి నోటీసులు అంత గుడ్డిగా ఎందుకు ఉంటాయి? అవి రాసే ఉద్యోగులది కూడా ఒక వాదన. చట్టం ఇచ్చిన దారులు అనేకం, ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే, రేపు ఆ వదిలినదాన్ని చేపట్టినప్పుడు ముందు చెప్పలేదని వాదిస్తారు. అందుకే అన్నిటినీ ఒక మాటలో కప్పేస్తారు. ఇందులో నిజం ఉంది. కానీ "ఈ కింది చర్యల్లో ఏదైనా తీసుకోవచ్చు" అని నాలుగు చర్యలు రాయడానికి అడ్డమేమీ లేదు. చదివేవాడికి అర్థం కావాలన్న పంతంతో జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలోనే. ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ ఊళ్ళకే ఇలాంటి నోటీసులు వస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పిన్ని నోటీసులో ఆ మాట వెనుక ఉన్నవి

కాగితం బల్లమీద పరిచి, ఆ ఒక్క మాటను విడగొట్టి పిన్నికి చెప్పాను. ముందు ఆమె అడిగిన ప్రశ్న. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. డబ్బు కట్టమని కోర్టు డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, ఇచ్చినా, దాన్ని వసూలు చేయడానికి ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది. చెక్కు ఇచ్చి అది చెల్లకపోతే ఆ దారి వేరు, అందులో రెండేళ్ళ దాకా జైలు ఉండవచ్చు. కానీ పిన్ని చెక్కు ఇవ్వలేదు, హామీ సంతకం మాత్రమే పెట్టింది.

తర్వాతది ఆమెకు నచ్చనిది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ అంటుంది. ముందు వాడిని అడిగి తర్వాత నా దగ్గరికి రండి అనడానికి లేదు. తిత్లీ సంగతి అక్కడ చెల్లదు. బ్యాంకు దావా వేయవచ్చు. మునుముందు ఆమె అప్పు అడిగితే క్రెడిట్ రికార్డులో ఇది కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది, నోటీసులో ఎక్కడా లేనిది. హామీదారు డబ్బు కట్టేస్తే, అప్పటిదాకా బ్యాంకుకు ఉన్న హక్కులు ఆమెకు వస్తాయి. కట్టినంతా ఆ అబ్బాయి నుంచి రాబట్టుకోవచ్చు. అది కూడా పర్యవసానమే.

ఈ చివరిది విని పిన్ని కాసేపు మాట్లాడలేదు. "వాడి మీద నేను కేసు వేస్తానా బాబూ" అంది. తర్వాత కళ్ళద్దాలు సరిచేసుకుని, కాగితాన్ని నా వైపు తిప్పింది.

"ఆ గడువు తేదీ ఇంకోసారి చదువు."